తెలుగు మాట ఎక్కడ తెగుతుంది?

దక్షిణ ఢిల్లీలో, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణానికి ఎదురుగా ఉన్న చిన్న బస్తీ పేరు బేర్ సరాయ్. సరాయ్ అంటే బాటసారుల సత్రం. సత్రాల కాలం గతించింది గాని బాటసారులు తగ్గలేదు. దేశపు నలుమూలల నుంచి సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకునేందుకు వచ్చిన యువతీయువకులు ఇక్కడి పుస్తకాల దుకాణాల ముందు, జిరాక్స్ యంత్రాల ముందు కనిపిస్తూనే ఉంటారు. వారిలో తెలుగువారూ ఉంటారు. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షలో తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకునే వీలున్నది కనుక, హిందీ నోట్సుల దొంతరల నడుమ ఒకటి రెండు తెలుగు ప్రతులు కనిపించినా ఆశ్చర్యపడవలసిన పని లేదు.

అటువంటి విద్యార్థి ఒకడు తన నోట్సునంతా కంప్యూటరులో టైపు చేసుకున్నాడనుకుందాం. పరీక్షకు ముందు అతనికి ఒక ఆలోచన వచ్చింది: ఏ పారిభాషిక పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగడితే ఏ విషయం మీద ఎంత వ్రాసుకున్నాడో తేలుతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు పంక్తులు చాలు. "ఈ పాఠంలోని మాటలన్నిటినీ విడదీసి చూపు" అని ఆజ్ఞ ఇచ్చాడు. యంత్రం క్షణంలో జవాబిచ్చింది. కాని ఆ జాబితాలో "తెలుగు" అన్న మాట ఎక్కడా లేదు. దానికి బదులు "త", "ల", "గ" అని మూడు ఒంటి అక్షరాలు ఉన్నవి. "బేర్ సరాయ్‌లో" అన్న రెండు మాటలు "బ", "ర", "సర", "య", "ల" అని అయిదు ముక్కలైనవి. గుణింతాలన్నీ గాలికి పోయి హల్లులు మాత్రం ఎముకలవలె మిగిలినవి.

విద్యార్థి కల్పితుడే గాని ఫలితం కల్పితం కాదు. పైథాన్‌తో పాటు వచ్చే నమూనా వెదకులాట లైబ్రరీని ఎవరు ఈ విధంగా అడిగినా ఇదే జవాబు వస్తుంది. యంత్రం చెడిపోలేదు, దానికి నేర్పిన నిర్వచనం ప్రకారం అది చక్కగానే పని చేసింది. చిక్కంతా ఆ నిర్వచనంలోనే ఉన్నది.

ఇక్కడ లైబ్రరీ అంటే గ్రంథాలయం కాదు. ఇల్లు కట్టే వడ్రంగి మేకులను, బందులను తానే పోత పోసుకోడు. బజారులో కొని తెచ్చుకుంటాడు. అదే తీరున ప్రోగ్రాములు వ్రాసేవారు కూడా తరచుగా అవసరమయ్యే పనులకు ముందే ఎవరో వ్రాసి ఉంచిన భాగాలను తెచ్చి తమ ప్రోగ్రాములలో కూర్చుకుంటారు. అటువంటి సిద్ధభాగాల కట్టకే లైబ్రరీ అని పేరు. వాటిలో మిక్కిలి వాడుకలో ఉన్నవాటిలో ఒకటి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల లైబ్రరీ. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే ఒక నమూనా. "ఆరు అంకెలు వరుసగా ఉన్నచోటు చూపు" అంటే పిన్‌కోడులు దొరుకుతాయి. "రెండు ఖాళీల నడుమ ఉన్న మాటను చూపు" అంటే మాటలు దొరుకుతాయి. పేరు గడిలో అంకెలు వ్రాస్తే ఒప్పుకోని దరఖాస్తు ఫారం వెనుక, ఉత్తరాల పెట్టెలో వ్యాపార ప్రకటనలను వేరు చేసే జల్లెడ వెనుక తరచు ఉండేది ఈ నమూనాయే.

ఈ భావన వయస్సు చిన్నదేమీ కాదు. అమెరికన్ గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో, మెదడులోని నాడీకణాల పనితీరుకు గణితరూపం ఇచ్చే ప్రయత్నంలో దీనికి రూపకల్పన చేశాడు. 1968లో కెన్ థామ్సన్ దానిని పాఠంలో మాటలు వెదికే సాధనంగా మలచాడు. 1986లో హెన్రీ స్పెన్సర్ వ్రాసిన లైబ్రరీ, 1987లో వచ్చిన పెర్ల్ భాష దానిని ప్రోగ్రామర్లందరి చేతికీ అందించినవి. పెర్ల్‌లోని సౌకర్యాలను ఇతర భాషల వారికి కూడా అందించేందుకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఉద్యోగిగా ఉన్న ఫిలిప్ హేజెల్ 1997లో పి.సి.ఆర్.ఇ. అనే లైబ్రరీని ఆరంభించాడు. వెబ్‌సైట్ల నిర్మాణంలో విస్తారంగా వాడే పి.హెచ్.పి. భాషలో నమూనాలను చూసేది అదే.

పెర్ల్ నుంచి ఈ లైబ్రరీలన్నిటికీ సంక్రమించిన ఒక గుర్తు ఉన్నది. వెనుకకు వాలిన గీత పక్కన ఇంగ్లీషు అక్షరం డబ్ల్యూ వ్రాస్తే "మాటలో ఉండదగిన అక్షరం" అని అర్థం. మొదట్లో ఆ మాటకు అర్థం మూడే ముక్కలు: ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడుగున గీసే గీత. ఇంగ్లీషుకు అంతకన్న అక్కరలేదు. దాని అచ్చులు హల్లుల పక్కన స్వతంత్రంగా నిలబడతాయి. యూనికోడ్ వచ్చి ప్రపంచ లిపులన్నీ కంప్యూటరులోకి ప్రవేశించిన పిమ్మట కొన్ని లైబ్రరీలు నిర్వచనాన్ని విస్తరించి "ఏ భాషదైనా సరే అక్షరం, అంకె" అన్నవి. ఉదారంగా కనిపించే ఈ విస్తరణలోనే మన గుణింతం జారిపోయింది.

కారణం గ్రహించాలంటే యూనికోడ్ తెలుగును ఎలా దాచుకుంటుందో చూడాలి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలో భారతీయ లిపుల అమరికకు మన దేశపు ఇస్కీ ప్రమాణమే ఆధారం. అందులో "తె" అన్నది ఒక అక్షరం కాదు. "త" ఒక స్థానం, ఎత్వం మరొక స్థానం. "తెలుగు" అన్న మాటలో మూడు హల్లులు, ఒక ఎత్వం, రెండు కొమ్ములు, వెరసి ఆరు స్థానాలు. హల్లులకు యూనికోడ్ "అక్షరం" అని ముద్ర వేసింది. గుణింతపు గుర్తులకు "చిహ్నం" అని వేరే ముద్ర వేసింది. వర్గీకరణగా అందులో తప్పు పట్టవలసినది లేదు. కాని "మాట అంటే అక్షరాలు, అంకెలు" అని నమ్ముకున్న లైబ్రరీకి చిహ్నం ఎదురైన ప్రతిచోటా మాట ముగిసిపోతుంది. తలకట్టుతో మాత్రమే వ్రాసే మాటలుంటే తెలుగువాడు బ్రతికిపోతాడు. "వల", "కల", "పడవ" నిక్షేపంగా ఒడ్డు చేరతాయి. "ఏరు" మాత్రం చేరదు.

ఈ లోపాన్ని ఎవరూ గమనించకపోలేదు. 2007లోనే ఒకరు దేవనాగరిని ఉదాహరణగా చూపి, రోమన్ కాని లిపులకు ఈ గుర్తు అక్కరకు రావడం లేదని పైథాన్ నిర్వాహకులకు ఫిర్యాదు వ్రాశారు. 2011లో పెర్ల్ గ్రంథకర్తగా ప్రసిద్ధుడైన టామ్ క్రిస్టియన్‌సెన్ మరింత ఘాటుగా మరొక ఫిర్యాదు నమోదు చేశాడు. యూనికోడ్ సంస్థ నమూనా లైబ్రరీల కోసం ఒక ప్రమాణపత్రాన్ని వెలువరించింది. మాటలో ఉండదగిన వాటిలో అక్షరాలు, అంకెలతో పాటు చిహ్నాలన్నీ, అక్షరాలను కలిపీ విడదీసే అదృశ్య సంకేతాలు రెండూ చేరాలని అందులో ఉన్నది. పైథాన్ దానిని పాటించడం లేదన్నదే అతని అభియోగం. అయినా 2023లో వెలువడిన 3.12 సంచికలో సైతం ఆ నిర్వచనం అక్షరాలు, అంకెలు, అడుగుగీత దగ్గరే నిలిచి ఉన్నది.

దీనిని కేవలం అలసత్వమనడం న్యాయం కాదు. మారుమూల ప్రోగ్రాములో తప్పు దొరికితే దిద్ది ఊరుకోవచ్చు. లక్షలాది ప్రోగ్రాములు ఆధారపడిన లైబ్రరీలో తప్పు చాలాకాలం నిలిచిపోతే అది ఆచారమైపోతుంది. ఆ తప్పుడు జవాబును లెక్కలోకి తీసుకుని, దానికి తగిన సర్దుబాట్లు చేసుకుని ఎందరో తమ ప్రోగ్రాములు వ్రాసుకుని ఉంటారు. ఒక శుభోదయాన నిర్వచనం మారితే ఆ సర్దుబాట్లే తప్పులవుతాయి. ఊరంతా వంకర కర్రతో కొలిచి గట్లు వేసుకున్నాక తిన్నని కర్ర తెస్తే తగవులు తప్పవు. నిర్వాహకుల భయం అది. ఆ భయానికి మూల్యం చెల్లించేది మాత్రం వంకర కర్ర వల్ల నష్టపోతున్నవాడే.

ఒక్కొక్క భాష ఈ చిక్కును ఒక్కొక్క విధంగా దాటింది. 2011లో వచ్చిన జావా 7వ సంచిక పాత అర్థాన్ని ముట్టుకోకుండా, కోరినవారికి యూనికోడ్ అర్థం లభించేటట్లు ఒక మీట అమర్చింది. జావాస్క్రిప్టులో ఆ గుర్తుకు ఇంగ్లీషు తప్ప మరొక భాష తెలియదు. 2018 ప్రమాణంలో యూనికోడ్ లక్షణాలను విడిగా అడిగే పద్ధతి వచ్చింది. రస్ట్ భాషలోని లైబ్రరీ చిహ్నాలను కూడా మాటలో కలుపుకున్నది. పైథాన్‌లో కూడా మాథ్యూ బార్నెట్ వ్రాసిన మరొక లైబ్రరీని విడిగా తెచ్చుకుంటే "తెలుగు" తెగదు. అంటే బేర్ సరాయ్ విద్యార్థికి ఎదురైన ఓటమి అతడు ఎన్నుకున్న పనిముట్టును బట్టి వచ్చినదే. ఆ సంగతి అతనికి చెప్పేవారెవరు?

పి.సి.ఆర్.ఇ. కథ వీటిలో ఆసక్తికరమైనది. దాని రెండవ తరానికి 2024 ఫిబ్రవరిలో 10.43 అనే కొత్త సంచిక వెలువడింది. పెర్ల్‌తో సామ్యం కోసం అందులో ఒక మార్పు చేశారు: యూనికోడ్ పద్ధతిని కోరినప్పుడు, చోటు ఆక్రమించని చిహ్నాలను కూడా ఇకమీదట మాటలో భాగంగా లెక్కించాలి. విడుదల పత్రంలో ఇది అనేక మార్పులలో ఒకటి. తెలుగుకు మాత్రం దాని ఫలితం చిన్నది కాదు. "అమ్మ" రెండు ముక్కలు కావడం మానివేసింది. "నాన్న" అతికినాడు. "బేర్" నిండు మాటగా నిలిచింది.

అయితే "చోటు ఆక్రమించని" అన్న విశేషణంలో మెలిక ఉన్నది. యూనికోడ్ తెలుగు చిహ్నాలను రెండు జాతులుగా విభజిస్తుంది. అక్షరం మీదనో క్రిందనో అమరి వేరే చోటు తీసుకోనివి ఒక జాతి. పక్కకు జరిగి చోటు తీసుకునేవి మరొక జాతి. మన దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, పొల్లు మొదటి జాతిలో చేరినవి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, అరసున్న, సున్న, విసర్గ రెండవ జాతిలో పడినవి. 10.43 సంచిక ఆదరించినది మొదటి జాతిని మాత్రమే. అందుచేత "తెలుగు" ఆ సంచికలో "తెల", "గ" అయినది. "అన్నం" అడిగితే సున్న రాలిపోయి "అన్న" వస్తాడు. పేరు గడిలో మాటకు తగిన అక్షరాలే ఉండాలని ఆ గుర్తుతో నమూనా పెట్టినచోట "సీత" లోపలికి వెళుతుంది. కొమ్ములున్నందుకు "రాముడు" గుమ్మంలో ఆగిపోతాడు.

ఈ విభజన అచ్చు మీద అక్షరం కూర్పుకు పనికివచ్చేది. మాట ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్నకు దానితో సంబంధం లేదు. గుడికి ఉన్న పౌరసత్వం కొమ్ముకు లేదనడానికి వ్యాకరణంలో ఆధారమేదీ దొరకదు. అయినా సగం దిద్దుబాటు కూడా దిద్దుబాటే.

ఇక బేర్ సరాయ్ విషయంలో మరొక చిత్రం ఉన్నది. "సరాయ్" మీద "లో" చేర్చి టైపు చేస్తే పొల్లు పక్కనే "ల" ఉన్నందున యంత్రం రెంటినీ కలిపి "సరాయ్లో" అని సంయుక్తాక్షరం చేస్తుంది. "య్" విడిగా నిలవాలంటే నడుమ కంటికి కనిపించని ఒక సంకేతాన్ని ఉంచాలి. దానిని వెడల్పు లేని అసంయోజకం అనవచ్చు. అన్యదేశ్యాలకు విభక్తులు చేర్చే తెలుగువాడికి ఇది నిత్యావసరం: ఢిల్లీ వీధి పేర్లు, కంపెనీ పేర్లు, సినిమా పేర్లు అన్నీ దీని మీదనే ఆధారపడి ఉన్నవి. కాని ఇది అక్షరమూ కాదు, చిహ్నమూ కాదు. దీనికి మూడవ ముద్ర. అందువల్ల 10.43 సంచికలో సైతం "సరాయ్" ఒకటి, "లో" ఒకటి అయి ఊరి నుంచి విభక్తి ఊడి వస్తుంది. ఒకడు ఆ సంకేతం ఉంచి, మరొకడు ఉంచకుండా టైపు చేస్తే, అవి రెండూ యంత్రానికి వేరువేరు మాటలు. ఒకదానిని వెదికితే రెండవది దొరకదు.

ఈ అదృశ్య సంకేతానికి ప్రపంచ చరిత్రలో కొంత అపఖ్యాతి కూడా ఉన్నది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం కనబడితే చాలు సందేశాల ప్రోగ్రాము కుప్పకూలిందన్న వార్త పాఠకులకు గుర్తుండవచ్చు. అది "జ్ఞా", అయితే మామూలు "జ్ఞా" కాదు, ఒత్తుకూ దీర్ఘానికీ నడుమ ఈ సంకేతం చొరబడినది. తప్పు నమూనా లైబ్రరీది కాదు, అక్షరాలను తెర మీద కూర్చే భాగానిది. ఆపిల్ సంస్థ అదే నెలలో 11.2.6 సంచిక విడుదల చేసి దానిని దిద్దింది.

అంతకు ముందు 2016 జూలై 20న, ప్రోగ్రామర్లు తమ సందేహాలను అడిగి తీర్చుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో అనే స్థలం 34 నిమిషాలు మూగపోయింది. ఒక సందేశంలో సుమారు 20,000 ఖాళీలు వరుసగా ఉన్నవి. సందేశం చివరనున్న ఖాళీలను, పైన చెప్పిన అదృశ్య సంకేతాన్ని తుడిచివేసేందుకు పెట్టిన నమూనా మొదటి ఖాళీ నుంచి బయలుదేరి చివరిదాకా వెళ్ళి, అక్కడ పాఠం ముగియలేదని గ్రహించి, వెనుకకు వచ్చి రెండవ ఖాళీ నుంచి మళ్ళీ బయలుదేరింది. ఆపై మూడవదాని నుంచి. ఈ విధంగా సుమారు 20 కోట్ల పరీక్షలు చేయవలసి వచ్చేసరికి యంత్రాలు అలసిపోయినవి. కారణం కనుగొనడానికి 10 నిమిషాలు, దిద్దుబాటు వ్రాయడానికి 14 నిమిషాలు, అమలు చేయడానికి 10 నిమిషాలు పట్టినదని ఆ సంస్థ లెక్క చెప్పింది. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలో ఇంకొక నమూనా ఇటువంటి వెనుకడుగుల సుడిలో చిక్కుకుని 27 నిమిషాలపాటు అసంఖ్యాక వెబ్‌సైట్లను స్తంభింపజేసింది.

లైబ్రరీల సవరణ పట్టికలలో ఈ రెండు రకాల తప్పులూ పక్కపక్కనే కనిపిస్తాయి. వేగాన్ని చంపే తప్పుకు గంటలోపల దిద్దుబాటు వస్తుంది, ఎందుకంటే అది జరిగినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పెడుతుంది. మాటను తెంచే తప్పు చప్పుడు చేయదు. యంత్రం ఆగదు, ఎర్రదీపం వెలగదు. జాబితా వస్తుంది, కాని తప్పుగా వస్తుంది. తెలుగు తెలియని నిర్వాహకుడికి "త", "ల", "గ" చూసినా అనుమానం రాదు. తెలుగు తెలిసినవాడేమో యంత్రానికి మన భాష రాదులే అని సరిపెట్టుకుని పోతాడు. 2007 నాటి ఫిర్యాదు వంటిది వ్రాయడానికి ఎవరో ఒకరు ఆగి, రెండు పంక్తుల ఉదాహరణ తయారుచేసి, నిర్వాహకుల చిరునామాకు పంపవలసి వచ్చింది.

ఫిర్యాదులు, చర్చలు వృథా పోవనడానికి ఒక నిదర్శనం ఇటీవలే దొరికింది. ఈ లైబ్రరీలలో "మాట" గుర్తుతో పాటు "చూసేవాడికి ఒకటిగా కనిపించే అక్షరం" అన్న గుర్తు కూడా ఉంటుంది. ఎక్కడ ఒక అక్షరం ముగిసి మరొకటి మొదలవుతుందన్నది యూనికోడ్ నియమాలను బట్టి నిర్ణయమవుతుంది. చాలాకాలం ఆ నియమాలు పొల్లు దగ్గర అక్షరాన్ని తెంచినవి. "క్షేత్రం" అంటే "క్", "షే", "త్", "రం" అని నాలుగు. బడిపిల్లవాడినడిగినా రెండే అంటాడు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21 అని నేర్చుకున్నవాడు ఆ గుర్తుతో పద్యపాదాలు లెక్కిస్తే సంయుక్తాక్షరం వచ్చిన ప్రతిచోటా లెక్క పెరిగిపోయేది. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 సంచిక ఈ నియమాన్ని మార్చింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం, తెలుగు లిపులలో పొల్లుతో కలిసిన హల్లులను ఒకే అక్షరంగా ఉంచాలన్నది. ఆ నియమాన్ని స్వీకరించిన లైబ్రరీలలో "క్షేత్రం" రెండక్షరాలే. పాత సంచికలు వాడేవారికి నాలుగే! ఒకే ప్రోగ్రాము, ఒకే పద్యం, రెండు కంప్యూటర్లలో రెండు లెక్కలు రావడానికి ఇదొక కారణం. ఏ సంచిక వాడారో వ్రాసిపెట్టుకోని పరిశోధకుడికి తన లెక్క తనకే తిరిగి రాదు.

బేర్ సరాయ్‌కి రోడ్డు దాటితే చాలు, ఈ ప్రశ్న విద్యార్థి సరదా దాటి పెద్దదవుతుంది. 2009లో కేంద్రప్రభుత్వ భాషాసాంకేతిక కార్యక్రమం క్రింద భారతీయ భాషల పాఠసంచయాన్ని నిర్మించే ప్రయత్నం మొదలైనప్పుడు దానికి సారథ్యం వహించినది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమే. ఆరోగ్యం, పర్యాటకం అన్న రెండు రంగాల వాక్యాలను సమాంతరంగా సిద్ధం చేసిన ఆ భాషలలో తెలుగు కూడా ఉన్నది. అనువాద యంత్రాలకైనా, నిఘంటువులకైనా అటువంటి సంచయమే ముడిసరుకు. ముడిసరుకును మాటలుగా విడదీయడం మొదటి మెట్టు. ఆ మెట్టు మీద కొమ్ము రాలిపోతే పై మెట్లన్నిటి మీదా "తెలుగు"కు బదులు "తెల" అనే లేని మాట తిరుగుతుంది.

ఇక ఆ విద్యార్థి చేయగలిగినది లేకపోలేదు. "మాటలో ఉండదగిన అక్షరం" అన్న పరాయి నిర్వచనాన్ని పక్కకు పెట్టి, తన నిర్వచనం తానే వ్రాసుకోవచ్చు. యూనికోడ్ తెలుగుకు కేటాయించినది 128 స్థానాల గది. పదహారు ఆధారపు లెక్కలో 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు. ఆ గదిలో ఉన్నదేదైనా మాటలో భాగమే అని నమూనాలో వ్రాసి, దానికి 200సి అనే స్థానంలో ఉన్న ఆ అదృశ్య సంకేతాన్ని చేరిస్తే చాలు. గుడి అయినా కొమ్ము అయినా సున్న అయినా అదే గదిలోవి కనుక వివక్ష ఉండదు. పైథాన్ పాత లైబ్రరీ కూడా ఈ నమూనాకు తలవంచుతుంది. అప్పుడు "తెలుగు" ఒక్క మాటగా వస్తుంది. "బేర్ సరాయ్‌లో" అయిదు ముక్కలు కాక, విభక్తితో సహా, రెండు మాటలుగా వస్తుంది.